మేనత్త కుట్టించేసిన నా రింగు

మా చిన్నప్పుడు... కపిల బావి గట్టున నేను ఇనుప రింగు నడుముకు వేసుకుని తిప్పుతుంటే, పిల్లలంతా గొంతు చించుకుని లెక్కపెట్టేవాళ్లు. అరవై... అరవై ఒకటి...

ఇప్పుడు దాన్ని హులా హూప్ అంటున్నారు. మనవరాలు ప్లాస్టిక్‌ది తిప్పుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు... జారి పడుతుందేమో, పేగు మెలిపడుతుందేమో అని.

కోయిలకుంట్ల దగ్గర పల్లె మాది. కపిల బాన అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే పెద్ద తోలు సంచి. దాని మూతికి ఇనుప రింగు ఉంటుంది. మా రెండో బావి ఎండిపోయాక దాని బాన రింగు కొట్టంలో ఊరికే వేలాడుతుండేది. అదే నా ఆట. నడుమంతా కమిలిపోయేది... అమ్మ ఆముదం రాసేది గానీ వద్దనేది కాదు.

బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ అది చూసి, కర్నూలులో బడిపిల్లల ఆటలకు నన్ను ఎంచింది. ఎవరి రింగు వాళ్లే తెచ్చుకోవాలి. బస్సెక్కడం అదే మొదటిసారి. బస్సు తప్పిపోతుందేమో, రింగు ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని నాకు అన్నం దిగేది కాదు...

మా ఇంట్లో పెత్తనం మేనత్తది. నాయనకు అక్క. మొగుడు పోయాక కొడుకును తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. నేను పుట్టిన రోజే నన్ను కోడలు అనుకుంది.

ఆమె టీచరమ్మ మొహం మీదే అడిగింది.

"ఏమమ్మా, మా పిల్లతో పదిమందిలో నడుము తిప్పిస్తావా? రేపు దానికి కాన్పు కష్టమైతే నువ్వొచ్చి కంటావా?"

"ఆటకూ కాన్పుకూ ఏం సంబంధమండీ?"

"నాకే చెప్తాండావా? పెండ్లన్నా కాలేదు నీకు!"

నాయన మెల్లగా "పోనీలేక్కా, ఒక్క దినమే కదా" అన్నాడు. ఆమె కొంగు దులుపుకుని లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను... పిచ్చిదాన్ని.

పోటీకి రెండు రోజుల ముందు, నీళ్లున్న బావి బాన చినిగింది. బడి నుంచి వచ్చేసరికి తోలుపని చేసే పెద్దాయన కొట్టం ముందు కూర్చుని కొత్త తోలు కుడుతున్నాడు... నా రింగుకు.

"అది నాది తాతా!" అని మీద పడ్డాను.

"నాకేం తెలుసు తల్లీ. చినిగిన బాన రింగే బాగుండాది కదమ్మా అంటే, నోరు మూసుకొని కుట్టు అనింది మీ అత్త."

ఆ చినిగిన బాన రింగైనా తీసుకుపోదామని కొట్టమంతా వెతికాను. గడపలో నిలబడి చూస్తోంది మేనత్త.

"ఏం ఎతుకుతాండావే? అది పొద్దున్నే కొలిమికి పోయింది. కొడవండ్లు చేయమన్నా."

ఎప్పుడూ నోరెత్తని అమ్మ ఆ రోజు ఎత్తింది. "మంచి రింగును కొలిమిలో ఏసి, పిల్ల రింగు కుట్టిస్తాండావే వదినా! మూడు దినాలు ఆగితే ఏం పోతాది?"

"దాని ఎగురులాటకు నా తమ్ముని ఉల్లిచేను ఎండిపోవల్లనా? అయినా అది నా కోడలు. నా ఇష్టం."

నాయన తల వంచుకుని ఎద్దులు కట్టడానికి వెళ్లాడు.

బస్సు నేను లేకుండానే పోయింది. టీచరమ్మకు మొహం చూపించలేక నేను మళ్లీ బడికి పోలేదు. పొమ్మని ఎవరూ అననూ లేదు. ఐదో తరగతి అక్కడే ఆగింది. రాతలో తప్పులుంటే అందుకే...

ఆమె కొడుకుతోనే నా పెళ్లయింది. ఆయన మంచివాడు. ఆమెకు ముప్పై ఏళ్లు వండి పెట్టాను. మంచాన పడితే అన్నీ ఎత్తిపోశాను. కానీ ఒక్కసారి కూడా 'అత్తా' అని పిలవలేదు. "ఇదిగో" అనేదాన్ని... అంతే.

ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి అత్తా అనమ్మే..."

"సంగటి చల్లారిపోతాది, తిను" అన్నాను.

ఇప్పుడు ఆడపిల్లలు రింగులు తిప్పుతుంటే తల్లిదండ్రులే ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. చూస్తే సంతోషం... కడుపుమంట కూడా. ఇది చదివి మా వాళ్లు ఏమంటారోనని దడగానే ఉంది. అయినా రాశాను.

మీ ఆట ఎవరు ఆపారు? వాళ్లను క్షమించారా? చెప్పండి... నేనైతే ఇంకా లేదు.