వెనక పడుకుని చూసిన బండి

హుజూరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. నా చేతిలో చిన్న కరెంటు వ్యాన్ బ్రోచర్ ఉంది. ఊళ్లకు పెరుగు పాకెట్లు వేయడానికి అది పనికొస్తుందా అని పది రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. ఎంత బరువు మోస్తుంది, ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం పోతుంది, అన్నీ దానిమీదే రాసుకున్నాను.

ఆయన అదంతా చూసి, "ఎనుక పండుకొని చూసినవా బేటా?" అన్నాడు.

నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"పెరుగు పాకెట్లకు గదెందుకు చాచా?"

"నేను చూసిన. నాది బన్నులమ్మే బండి. మా ఇంటామెను వారంల మూడుసార్లు గా బండి ఎనుకనే పండవెట్టి డయాలసిస్‌కు తీస్కపోతుంటి. గది డీజిల్ బండి, నిలవడ్డా వణుకుతది. ఆమె పండ్లు బిగవట్టుకునేది. అందుకే కరెంటు బండి కొనేముందు షోరూమాయనను నడపమని నేను ఎనుక పండుకున్న. వణుకే లేదు. గదే కొన్న."

"ఇప్పుడు ఆమెకు జర నయమా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"బండి చేతికొచ్చిన నాడే ఆమె పాణం పోయింది. దవాఖాన నుంచి ఇంటికి గా బండిలనే తెచ్చిన. గప్పుడు గూడ మెల్లగనే నడిపిన బేటా."

కరీంనగర్ షోరూమాయన నడిపి చూడమని తాళంచెవి నా చేతికివ్వబోతే, మీరే నడపండి అన్నాను. వెనక తలుపు తీసి, ఆ ఇనుప నేలమీద వెల్లకిలా పడుకున్నాను.

"ఎంత స్పీడ్ పోవాలె సార్?" అని ముందు నుంచి అడిగాడాయన.

"మెల్లగ" అన్నాను.