కొండదారిలో అత్తగారితో

మొన్న మా చిన్నల్లుడు ఉద్యోగం పని మీద పొగపడవ ఎక్కి పాపికొండల అవతలిదాకా వెళ్లొచ్చాడు. వచ్చినప్పటినుంచీ అదే కబురు. పడవ మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడట, రెండు పక్కలా కొండలు వాటంతటవే కదిలి వెనక్కి పోయాయట, వంటవాడు వేడివేడిగా చేపల పులుసు వడ్డించాడట. "ఆ అందం ఒక్కసారైనా చూసి తీరాలండీ అత్తయ్యగారూ" అన్నాడు. చేటలో బియ్యం పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతున్నదాన్ని తలెత్తకుండానే "చూశాను బాబూ, నడిచి మరీ చూశాను" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. రాజమండ్రిలో మా వీధి మొగ నుంచి చర్చిదాకా నడిచేలోపల రెండు అరుగుల మీద కూలబడే మనిషిని, నవ్వక ఏం చేస్తాడు పాపం. నేనూ నవ్వాను. అల్లుడు లేచి వెళ్లాక మాత్రం చేట పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాను. ఆ కొండల్లో అందం ఉందన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. నేను చూసినప్పుడు అక్కడ భయం తప్ప ఇంకేమీ కనపడలేదు.

అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు. గోదావరి మీద రైలు వంతెన మాట కూడా ఎవరూ ఎత్తని కాలం. మా ఆయన పాపికొండలు దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఒక కలప డిపోలో గుమాస్తా. అడవిలో కొట్టిన టేకు దుంగల్ని, వెదుళ్లని అక్కడ తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన అక్కడ, నేనూ అత్తగారూ ఇక్కడ. అత్తగారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, ఊడ్పులకీ కోతలకీ వెళ్లి ఒక్కగానొక్క కొడుకుని మిషను బడిలో చదివించిన మనిషి. నేను ఆ మిషను వాళ్ల ఆడపిల్లల బడిలోనే చదువుకుని, పొలం గట్టు ఎక్కి ఎరగని దాన్ని. మా ఇద్దరి మధ్యా గొడవలు లేవు, అలాగని మాటలూ లేవు. నేను పుస్తకం తీస్తే ఆవిడ చీపురు తీసేది. నేను పుస్తకం మూసి చీపురు అందుకోబోతే "ఉండనీ అమ్మాయ్, నీకెందుకు ఈ పనులు" అనేది. ఆ మాటలో ప్రేమ ఎంతో దెప్పు ఎంతో మూడేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

తొలకరి పడి గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఆ వారంలోనే ఒకరోజు తెప్పల మేస్త్రి మా గుమ్మంలో నిలబడి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తలపాగా తీశాడంటేనే మంచి కబురు కాదు. "గుమాస్తాగారికి మన్యం జ్వరమండి. మనుషుల్ని ఆనవాలు పట్టటం లేదండి. కదిపే పరిస్థితి కాదండి" అన్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. అత్తగారు మాత్రం ఒక్క మాట అడిగింది, "నువ్వు తిరిగి ఎప్పుడెళ్తావు?" అని. ఎర్రనీటికి ఎదురు పడవలు పోవు. కట్టిన తెప్పల్ని దించినవాళ్లు కాలినడకన అడవిదారి పట్టి వెనక్కి పోవడమే. మర్నాడు పొద్దున్నే బయల్దేరతానన్నాడు మేస్త్రి. "అయితే మేమూ వస్తాం" అంది. "అమ్మమ్మా, ఆడోళ్లు నడిచే దారి కాదండి. పులులుంటాయండి" అన్నాడు. "పులికి ఆడేంటి మగేంటి? దానికి ఆకలే కదా" అని లోపలికి వెళ్లి మూట కట్టడం మొదలుపెట్టింది. నేనూ వస్తానన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు, నా పాదాల వంక చూసింది. కాసేపు చూసి, "మిషను డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తి క్వినైను పొట్లాలు తీసుకురా" అంది. అదే ఆవిడ ఒప్పుకోవడం.

దేవీపట్నందాకా బండి. అక్కణ్ణుంచి నడక. ఊరు దాటిన కాసేపటికే గోదావరి ఒక పక్కా కొండ ఒక పక్కా అయి, మధ్యలో మనిషి వెంట మనిషి నడిచేంత దారి మిగిలింది. ముందు మేస్త్రి, వెనక ఆవిడ, మధ్యలో నేను. వెదుళ్లు రెండు వైపులనుంచీ వంగి ఆకాశాన్ని మూసేశాయి. గాలి వీస్తే అవి ఒకదానికొకటి రాసుకుని కిర్రుమనేవి, ప్రతిసారీ నేను ఆగిపోయేదాన్ని. వాన ఆగినా ఆకుల మీంచి చినుకులు రాలుతూనే ఉండేవి, అడవంతా మా వెనకే అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నట్టుండేది. మా మేస్త్రి మంచివాడే గాని, ఆ దారిలో జరిగిన చెడ్డలన్నీ చెప్పకపోతే ఆయనకి నడక సాగేది కాదు. "ఇక్కడేనండి పోయినేడు మావాణ్ణి పాము కరిసింది." కాస్త దూరం పోయాక, "ఈ బండ దగ్గరేనండి, పులి ఆవుని పట్టింది." చివరికి అత్తగారు, "బాబూ, ఈ దారిలో ఎవరైనా బాగా బతికిన చోటుంటే అదొక్కటి చూపించు, లేకపోతే నోరు మూసుకు నడు" అంది. ఆయన నిజంగానే ఆలోచించి, అలాంటి చోటు తట్టక, అడుగు జోరు పెంచాడు.

పొద్దువాలేసరికి కొండరెడ్ల ఊరేదైనా తగిలితే వాళ్ల చావడిలో తలదాచుకునేవాళ్లం. వాళ్లు పెట్టిన జొన్నజావ తాగి, తడిసిన చీరలు నిప్పు సెగన ఆరబెట్టుకునేవాళ్లం. ప్రార్థన చేయమని అత్తగారు నాకే చెప్పేది. నేను కళ్లు మూసుకోగానే మోచేత్తో పొడిచేది. "కళ్లు తెరిచి చెయ్యి. దేవుడు ఏమీ అనుకోడు. ఇద్దరం మూసుకుంటే అడవి వంక ఎవరు చూస్తారు?" అనేది. అలా కళ్లు విప్పార్చుకుని, చీకట్లోకి చూస్తూ, మా ఆయన ప్రాణం నిలపమని అడుక్కునేదాన్ని. మాటల మధ్యలో ఇప్పటికే ఆలస్యమైపోయిందేమోనన్న ఆలోచన వచ్చేది. వస్తే ప్రార్థన అక్కడే ఆగిపోయేది. అప్పుడు ఆవిడే "ఆమెన్" అని గట్టిగా ముగించేసేది.

దారిలో నరికిన వెదురు మోడొకటి నా మడమలో దిగింది. ఆవిడ తన కొంగు చించి కట్టు కట్టింది. అక్కణ్ణుంచి నా నడక కుంటినడకైంది. నా వల్ల ఆలస్యమవుతోందన్న భయం పులి భయం కంటే ఎక్కువైంది. కొండదారి బాగా పైకెక్కిన ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగాం. కింద చాలా లోతున గోదావరి, రెండు కొండల మధ్య సన్నగా, ఎర్రగా, సుడులు తిరుగుతోంది. ఆ నీళ్ల మీద తాటాకు గూడు వేసిన పడవ ఒకటి దిగువకి బాణంలా పోతోంది. ఆవిడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవరో అదృష్టవంతులు, కూర్చుని పోతున్నారు" అంది. పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూశాం.

ఆ మధ్యాహ్నమే వాగు అడ్డొచ్చింది. మామూలప్పుడు మడమలు కూడా తడవని వాగట. ఆరోజు నడుంలోతు పారుతోంది, కొమ్మలూ రెమ్మలూ కొట్టుకొస్తున్నాయి. తగ్గేదాకా ఆగుదామన్నాడు మేస్త్రి. పైన కొండల మీద ఇంకా కురుస్తోందని, ఆగితే పెరిగేదే గాని తగ్గేది కాదని అత్తగారంది. మేస్త్రి పొడవాటి వెదురు గడ నరికి ముందు దిగాడు. అత్తగారు క్వినైను మూట నెత్తిన కట్టుకుని దాటేసింది. నేను సగందాకా వెళ్లాను. అక్కడ కాళ్లకింద ఇసుక జారింది. గడ పట్టుకున్నాను గాని ముందుకీ వెనక్కీ అడుగు పడలేదు. నీళ్ల హోరులో మేస్త్రి కేకలు వినపడుతున్నాయి గాని మాట అర్థం కావడం లేదు. ఇక్కడే పోతాను, నేను పోయిన చోటు కూడా రేపు ఈయన ఎవరికో చూపిస్తాడు అనిపించింది. అప్పుడు చూశాను, ఒడ్డుకి చేరిన మనిషి మూట రాతి మీద పెట్టి మళ్లీ నీళ్లలోకి దిగుతోంది. నా దగ్గరికొచ్చి జబ్బ పట్టుకుంది. ఆ పట్టుకి వారం రోజులు చెయ్యి కమిలిపోయి ఉంది. "నా వంక చూడు, నీళ్ల వంక కాదు. వాడికి నేను ఏం చెప్పను? నీ పెళ్లాన్ని వాగులో ఒదిలేసొచ్చానని చెప్పనా? నడువే తల్లీ" అంది. మూడేళ్లలో ఆవిడ నన్ను తల్లీ అనడం అదే మొదలు. ఒడ్డెక్కాక ఇద్దరం బురదలో కూలబడి గడగడా వణికాం. "భయం వేసిందండి" అన్నాను. "నాకు ఇంటి గుమ్మం దాటినప్పటినుంచీ వేస్తూనే ఉంది. ఎవరితో చెప్పుకోను?" అంది.

ఆ మాటతో కట్ట తెగినట్టయింది. మిగిలిన దారంతా మాట్లాడుకుంటూనే నడిచాం. మా ఆయనకి చిన్నప్పుడు మశూచి వస్తే ఒడిలో పెట్టుకుని ఎలా కూర్చుందో చెప్పింది. పుస్తకంలో నేను ఏం చదువుతానో అడిగింది. తనకి చదువు రాదని కోడలు చులకన చేస్తుందేమోనని బెంగపడేదట. నేనేమో పని రాదని ఆవిడ చులకన చేస్తోందనుకునేదాన్ని. చెప్పుకుని నవ్వుకున్నాం కూడా. నవ్విన మరుక్షణమే, అక్కడ మనిషి ఎలా ఉన్నాడోనని ఇద్దరం ఒక్కసారే ఆపేశాం.

డిపో చేరేసరికి కావలివాడు తప్ప ఎవరూ లేరు. గుమాస్తాగారి గుడిసె తలుపు తీసి ఉంది, మంచం ఖాళీ. అత్తగారు గోడ పట్టుకుంది. కావలివాడు చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. "లేరండి... అదికాదండి, పడవలో దింపేశారండి! ఇక్కడుంటే బతకరని డిపో దొరగారు పంపేశారండి. తాటాకు గూడు కట్టించి మరీ పంపారండి." కొండ మీంచి మేం చూసిన పడవకీ తాటాకు గూడే. "ప్రాణం ఉందా?" అని అత్తగారు అడిగింది. "ఎక్కించేటప్పుడు ఉందండి" అన్నాడు. ఆ మనిషి అబద్ధం చెప్పడం ఎరగడు, ఆ నిజం మమ్మల్ని సగం చంపింది.

దిగువకు పోయే పడవ దొరికింది. రోజుల తరబడి ఎక్కిన కొండలన్నీ పొద్దున్నుంచి సాయంత్రంలోపల వెనక్కి జారిపోయాయి. అల్లుడుగారు చూసి మురిసిన కొండలే. నేను ఒడ్డు వంకే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడైనా తాటాకు గూడు చెదిరి పడి ఉందేమో, ఎక్కడైనా కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాను. అత్తగారు నా చెయ్యి వదల్లేదు. రాజమండ్రి రేవులో దిగి తడి చీరలతోనే మిషను ఆస్పత్రికి పరిగెత్తాం. నేను కుంటుతూ, ఆవిడ నన్ను లాగుతూ.

వరండాలో చివరి మంచం మీద ఎముకల గూడులా ఉన్న మనిషి గోడకి ఆనుకుని గంజి తాగుతున్నాడు. మమ్మల్ని చూసి ముంత కిందపెట్టి, నీరసంగా, కోపంగా, "ఎక్కడికి పోయారు మీరిద్దరూ? ఇంటికి తాళం వేసుందట!" అన్నాడు. అత్తగారు అక్కడికక్కడే నేలమీద చతికిలబడింది. అన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే, "నిన్ను చూడ్డానికేరా వెధవా" అంది. పక్క మంచాల వాళ్లందరూ నవ్వారు.

పక్షం తిరిగేసరికి జ్వరం ఆవిడకి పట్టుకుంది. కొడుక్కని మోసుకెళ్లిన పొట్లాలు విప్పి ఆవిడకే వేశాను. ఆ ఏడు తగ్గింది, మరుసటి వానల్లో మళ్లీ వచ్చింది. మన్యం జ్వరం ఒకసారి ఒంట్లో చేరితే అంతే. ఆ తర్వాత పుట్టిన మా పెద్దమ్మాయిని ఎత్తుకుంది, దానికి నడక నేర్పింది, తను మాత్రం మూడో వానాకాలం దాటలేదు. నేను పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. వద్దంటున్నా మంచం మీంచే పని చెప్పి నాకు వంటలన్నీ నేర్పింది. "ఆ కొండలకి పోకుండా ఉండాల్సిందండి" అని ఒకసారి ఏడిస్తే, "పోకపోతే నువ్వెవరో నాకేం తెలిసేది?" అంది.

ఇన్నేళ్లూ ఆవిడని తలుచుకుంటే నాకు ముసలావిడే గుర్తొచ్చేది. నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ చేతులు. నిన్న కూర్చుని లెక్క వేసుకుంటే, వాగులోకి మళ్లీ దిగిన నాటికి ఆవిడకి యాభై కూడా నిండలేదు. నేను ఆ వయసు ఎప్పుడో దాటి వచ్చేశాను. కాలం నన్ను ఒక్కదాన్నే ముందుకి నడిపించుకొచ్చి, మా అత్తగారిని నాకంటే చిన్నదాన్ని చేసి, అక్కడే ఆ ఒడ్డున నిలబెట్టేసింది.