రేకు డబ్బాలో ఏడు నల్లబిళ్లలు

ఈ సాయంత్రం టాటానగర్ కద్మాలోని మా ఇంట్లో పది నెలల మా బాబు అలమారా కింది అర లాగి, ఓ పాత రేకు డబ్బా బోర్లించాడు. నల్లబిళ్లలు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. వాడి నోట్లో వేలు పెట్టి వెతికాను, మంచం కింద పాకాను, లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను. చివరికి మా ఆయన "అరే బాబా, పూరే సాత్ హైఁ! ఇంకెన్నిసార్లు లెక్కెడతావ్?" అని నవ్వారు. ఏడూ ఉన్నాయి. అయినా వాడు నిద్రపోయాక ఊపిరి చూసివచ్చి ఇది రాస్తున్నాను, ఆ బిళ్లల గురించి రేపటిలోగా నేనొక జవాబు ఇవ్వాలి కనుక.

నేను వేరే ఊళ్లో పరిశోధన విద్యార్థినిగా ఉన్న రోజుల్లో రాగి ఆక్సైడు పొడిని కాల్చి, నల్లటి బిళ్లలుగా నొక్కి అతివాహకాలు చేసేదాన్ని. బాగా చల్లబరిస్తే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థాలవి. సీసం లాంటి మామూలు అతివాహకాలు కాస్త మలినాన్ని ఓర్చుకుంటాయి గానీ ఇవి ఓర్చుకోవు; వీటిలో ఎలక్ట్రాన్ల జంట దిక్కును బట్టి గుర్తు మారుస్తుంది, పరాయి పరమాణువు దారి మళ్లించిందంటే ప్లస్సూ మైనస్సూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే మా ల్యాబు శుభ్రత మడికన్నా కఠినం. నేనేమో ఏ గిన్నెనైనా తోమి తిరిగి వాడే ఇంట్లో పెరిగినదాన్ని. జింకు పొడి కాల్చిన మూసను, అంటే పొడులు కాల్చే పింగాణీ గిన్నెను, పారేయడానికి చేతులు రాక, ఆమ్లంతో కడిగి, నా పొడి అందులోనే కాల్చాను. అందులోంచి వచ్చిన ఏడు బిళ్లలకూ జింకు పట్టింది, ఆరు నెలల పని పోయింది.

ఏడుపు మొహంతో టాటానగర్ స్టేషన్లో దిగాను. గోల్‌మురిలో టిన్ రేకుల కార్ఖానాలో పని చేసి రిటైరైన నాన్న అంతా విని అన్నారు: "పారేత్తావేటి? మా కాడ రేకు పాడైతే, ఎందుకు పాడైందో దాని మీదే రాసీవోళ్లం. పాడు సేసినోడ్ని ఎవుడూ ఏటీ అనీవోడు కాదు. రాయకుండా పారేసినోడికే గాలీలు, తిట్లు!" పనికిరాని రేకుతో తాను చేసుకున్న డబ్బా ఇచ్చారు. దాని మూత మీద రాశాను: "జింకు. కడిగిన మూస. తప్పు నాదే."

ఆ డబ్బా ముందు పెడితే మా గైడు మేడమ్ తిట్టలేదు, కొలిచి చూద్దామన్నారు. పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర దాకా చల్లబరిచి అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే, వేడితో నిమిత్తం లేకుండా అతివాహకం మామూలు లోహమైపోతుంది. దాన్ని క్వాంటమ్ దశా పరివర్తన అంటారు. శుభ్రమైన బిళ్లల్లో అది గడప దాటినట్టు ఒక్కచోట జరిగిపోయేది. నా బిళ్లల్లో గడపే కనిపించలేదు, మార్పు సాగుతూనే పోయింది. జింకు ఎక్కువ పడ్డచోట ముందే ఆరిపోయి, తక్కువ పడ్డచోట చిన్నచిన్న దీవులు ఇంకా బతికున్నాయని మాకు తోచింది. అది తేల్చే కొలతలు మిగిలుండగానే బాబు కడుపున పడ్డాడు, నేను డబ్బాతో సహా వచ్చేశాను.

ఆ కొలతలు నువ్వే పూర్తి చెయ్యాలి, నెలకో వారం వస్తే చాలు, లెక్కలు ఇంటినుంచే చేసుకో అని ఇప్పుడు మేడమ్ రాశారు. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్న ఈ బుర్రతోనా అని నా భయం. చదువు ఆపి బిడ్డనెత్తుకున్న నా ఈడువాళ్లకి ఈ భయం చెప్పక్కర్లేదు. ఫోన్లో నాన్న మాత్రం తేల్చేశారు: "నువ్వెల్లు తల్లీ, ఆడ్ని నాను సూసుకుంతాను. లాలిపాట రాదు గానీ కార్ఖానా భోంపూ కూత నోటితో ఊత్తాను, సిన్నప్పుడు నువ్వు దానికే పడుకునీదానివి!"

ఇంతవరకు రాసి, లేచి మేడమ్‌కి జవాబు రాశాను. మునుపటిలా ఉన్నానని రాయలేదు. నిద్ర తక్కువ, మతిమరుపు ఎక్కువ, చదువులో వెనకబడ్డాను అని ముందు రాసి, దాని కింద, వస్తున్నానని రాశాను. కొలత మొదలుపెడితే అన్నం మాట మరిచి తెల్లవార్లూ కూర్చునే నాలోని ఆ అమ్మాయి ఇక రాదు. ఆమె ఉన్నప్పుడు ఆ హాయి విలువ నాకు తెలియలేదు. ఇప్పుడు బాబు రెండు నిద్రల మధ్య దొరికేదే నా పొద్దు.

డబ్బాను పై అరలో పెట్టాను. మూత మీద జింకు, మూస ఇంకా చదవడానికి వస్తున్నాయి. "తప్పు నాదే" అన్నది బాబు చొంగకు చెరిగిపోయింది. మళ్లీ రాయలేదు.