గుడ్డపేలిక కట్టిన కుక్క

ఆదెన్న వీధిలో అడుగు పెట్టాడంటే కుక్కల కంటే ముందు ఆడవాళ్ళు అరిచేవారు. కళ్యాణదుర్గం దగ్గరి ఆ ఊళ్ళో పంచాయతీ తరఫున కుక్కలు పట్టేది అతనొక్కడే. చేతిలో పొడుగాటి కర్ర, దాని కొసన తీగ ఉచ్చు, ముందు తోపుడు బండి మీద ఇనుప బోను. మెడలో తాడో గుడ్డో ఉంటే పెంపుడు కుక్క కింద లెక్క, ముట్టుకోకూడదని చెప్పారు పెద్దలు. ఇంకేముంది! బండి చప్పుడు వినపడగానే పాత చీరలు చింపి, కనపడిన కుక్కకల్లా మెడకు చుట్టేవారు.

"ఏందమ్మా, కుక్కలన్నీ ఒకే దినం ముస్తాబైనాయే!" అని ఎగతాళి చేసేవాడు ఆదెన్న. లోపల మాత్రం మంట. పట్టకపోతే పంచాయతీవాళ్ళు తిడతారు, పడితే ఊరు తిడుతుంది. అంతకుముందు కొన్నేళ్ళు సంగటిలో మందు కలిపి కుక్కల్ని చంపించారు. పెట్టమన్నది పెద్దమనుషులు, పెట్టిన చెయ్యి మాత్రం ఆదెన్నది. చెడ్డపేరూ ఆ చేతికే మిగిలింది. టీకొట్టులో అతను కూర్చుంటే పక్కవాడు లేచిపోయేవాడు. పిల్లనిచ్చేవాళ్ళు లేక నలభై దాటినా పెళ్ళి కాలేదు.

తొంభై ఎనిమిదిలో ఒక పొద్దున బయమ్మ ఇంటి ముందు ఆగాడు. బయమ్మ చెనిక్కాయలు ఒలిచే కూలికి పోయే ముసలామె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కరియ అనే నల్లకుక్కే ఆమెకు తోడు. తను తినే ముద్దలో సగం దానికే పెట్టేది. ఆ కరియ వాకిట్లో రాయిని కొరకబోతోంది. దవడ వేలాడుతోంది, నోటి వెంట చొంగ ధారగా కారుతోంది. మెడలో ఎర్ర గుడ్డపేలిక.

"దాని జోలికి రావద్దప్పా," అంటూ బయమ్మ అడ్డం నిలబడింది. "మెడలో గుడ్డ ఉండాది. దానికి అడిగేవాళ్ళుండారు."

"దానికి పిచ్చి పట్టింది పెద్దమ్మా. పక్కకు రా."

"నీకే పట్టింది పిచ్చి!"

గుడ్డ సంగతి పక్కన పెట్టి ఉచ్చు వేశాడు ఆదెన్న. చేతులకు గోనెసంచులు చుట్టుకున్నాడు గనక పన్ను తగల్లేదు. బోను మూస్తుంటే బయమ్మ మణికట్టు కంటపడింది. పసుపు అద్దిన పంటిగాటు.

"ఇది ఎప్పుడైంది?"

"మొన్న గుడ్డ కట్టేటప్పుడు గీరుకునింది. అదీ ఒక కరవడమేనా?"

ఆదెన్న బండి వైపు చూశాడు. మొన్న ఈ వీధికి వచ్చింది తన బండే. ఆ చప్పుడు వినే ముసల్ది గుడ్డ కట్టింది.

మర్నాడు పంచాయతీ షెడ్డులో కరియ చచ్చిపోయింది. ఆసుపత్రికి పోదాం పా, సూదులు ఏయించుకోకుంటే పానం పోతాదని ఆదెన్న బయమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాడు. బయమ్మ చేట విసిరికొట్టింది.

"నువ్వే మందు పెట్టి సంపినావు! సూది ఏయించుకుంటే నా కరియకు పిచ్చని నేనే ఒప్పుకున్నట్లు. పో ఈడినుంచి!"

చుట్టుపక్కలవాళ్ళూ ఆమె మాటే నమ్మారు. ఎందుకు నమ్మరు? మందు పెట్టిన చెయ్యే కదా! ఆదెన్నకు ఆ పూట కూడు సయించలేదు. పిచ్చికుక్క కరిచిన మనిషి నీళ్ళు చూసి బెదిరి బెదిరి చావడం అతను ఒకసారి చూశాడు. ముసల్దానికి ఆ చావు రాకూడదు, అంతే.

పొద్దున్నే మళ్ళీ వెళ్ళి గడప ముందు కూలబడ్డాడు.

"పెద్దమ్మా, కరియ నన్నూ గీరింది. బొడ్డు సుట్టూ సూదులు పొడుస్తారంట. నాకు శానా బయం. నా జతకు వచ్చేవాళ్ళు ఎవురుండారు?"

బయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అంతంత మీసాలు పెట్టుకోని సూదికి బయమా? నీ మొగం మండ! పా."

ఆసుపత్రిలో ఆదెన్న చొక్కా ఎత్తకుండా మొరాయించాడు. "ముందు ఆయమ్మకు ఏయండి సార్. ఆమెకూ గీరింది. చూస్తే నాకు ధైర్యం వస్తాది."

"సూది ఏయ్ సామీ, ఏయ్! ఈ పిరికోడు చూసి నేర్చుకుంటాడు," అని బయమ్మ దర్జాగా పడుకుంది.

తర్వాత ఆదెన్న వంతు. ఒంటి మీద గీత లేని మనిషి పళ్ళు బిగించి పొడిపించుకున్నాడు. తను మానేస్తే ఆమె మానేస్తుంది. అందుకే దినమూ పోయాడు, దినమూ భయం నటించాడు. కొన్నాళ్ళకు నటించే పనే లేకపోయింది, పొట్టంతా వాచి నిజంగానే ఏడుపొచ్చేది. బస్సులో ఇద్దరూ వంగి కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చేవారు.

సూదులు అయిపోయిన రోజు ఊళ్ళో బస్సు దిగగానే బయమ్మ ఆగింది. "రేయ్ ఆదెన్నా, నీకు యాడ గీరిందో సూపీ."

"మానిపోయింది పెద్దమ్మా."

ఆమె అతని చేతులు లాక్కుని తిప్పి తిప్పి చూసింది. ఒక్క మచ్చ లేదు.

"అబద్దాలకోరు నాయాలా," అంది. చెంగు కొస పర్రున చింపి అతని మణికట్టుకు ముడి వేసింది. "ఉండనీ. అడిగేవాళ్ళుండారని తెలియాల."

పక్కనే టీకొట్టు. ఆదెన్న బల్ల మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే పక్కవాడు లేచిపోయాడు. బయమ్మ వచ్చి ఆ చోట కూర్చుని రెండు టీలు చెప్పింది.