బతికున్న మనిషికి స్మృతి సంచిక

మనిషి పోకముందే ఆయన మీద స్మృతి సంచిక తయారుచేసి, దాని ప్రూఫులు దిద్దమని ఆయనకే పంపిన సంపాదకుణ్ణి ఈ రాష్ట్రంలో నేనొక్కణ్ణే అయివుంటాను. నాకంటే ముందు ఎవరైనా ఈ ఘనకార్యం చేసివుంటే దయచేసి ఒక ఉత్తరం ముక్క రాయండి. కాస్త మనశ్శాంతిగా ఉంటుంది.

తొంభైల చివరి మాట ఇది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. పగలంతా కాలవల ఫైళ్ళు చూసి, సాయంత్రం అయిదు దాటగానే సాహిత్య సంపాదకుణ్ణయిపోయేవాణ్ణి. మా ఇంటి ముందుగదే పత్రిక కార్యాలయం. మూడు నెలలకోసారి నలభై ఎనిమిది పేజీల పత్రిక తెస్తానని ప్రకటించి, అయిదు నెలలకో ఆరు నెలలకో తెచ్చేవాణ్ణి. ఆలస్యానికి ప్రతిసారీ సంపాదకీయంలో క్షమాపణ చెప్పుకునేవాణ్ణి. ఆ క్షమాపణలు చాలా బాగుంటాయని మా ఆవిడ అనేది. "మిగతా పత్రిక కంటే అవే నయమండీ" అని కూడా అనేది.

సంపాదకుడంటే ఎలా ఉండాలో నాకు గట్టి అభిప్రాయాలుండేవి. ఖద్దరు లాల్చీ ఉండాలి, భుజానికి గుడ్డసంచీ ఉండాలి. ఎవరైనా రచన చేతికిస్తే ఎగబడి చదవకూడదు. నెమ్మదిగా మడిచి సంచీలో పెట్టుకుని, ఎటో చూస్తూ "చూద్దాం" అనాలి. ఆ "చూద్దాం" అనడం అద్దం ముందు నిలబడి సాధన చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా వీపు మీద నేనే ఒకటిచ్చుకోవాలనిపిస్తుంది.

వచ్చిన రచనలన్నీ గది మూల ఒక యాపిల్ పండ్ల అట్టపెట్టెలో పడేవి. దాని మీద స్కెచ్ పెన్నుతో "పరిశీలనలో" అని రాశాను. అందులోంచి నేను తీసి చదివేవి హైదరాబాదులో పేరున్నవాళ్ళవి, పేరు రాబోతోందని నలుగురూ చెప్పుకునేవాళ్ళవి. మిగతావాటిని బల్లులు పరిశీలించేవి.

ఈ పత్రికకు ప్రూఫులు దిద్దిపెట్టే మాస్టారు ఒకరుండేవారు. రామచంద్రపురంలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయిన మనిషి. నాకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్ద. నా మొదటి సంచిక ఆయన చేతికి ఎలా దొరికిందో దొరికింది. నాలుగో రోజుకల్లా పోస్టులో తిరిగొచ్చింది. తెరిచి చూస్తే ప్రతి పేజీలోనూ ఎర్రసిరానే. రెండు రోజులు నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజున, ఇకనుంచి అచ్చుకి ముందే ఈ సాయం చేసిపెట్టగలరా అని కార్డు రాశాను. అప్పట్నుంచీ రాజమండ్రిలో డీటీపీ సెంటరు నుంచి ప్రూఫులు నేరుగా ఆయనకే వెళ్ళేవి. వారం తిరక్కుండా దిద్ది పంపేసేవారు. నన్ను "సంపాదకులుగారూ" అని పిలిచే మనిషి ఉభయ గోదావరి జిల్లాల్లోనూ ఆయనొక్కరే. మా ఆఫీసులో "కవిగారూ" అనేవారు గానీ అది పిలుపు కాదు, ఎత్తిపొడుపు.

ఒకరోజు ఆయన పనిగట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, చాలాసేపు వానల గురించి మాట్లాడి, అప్పుడు సంచీలోంచి కాగితాలు తీశారు.

"ఓ కథ రాసేనండి. చాన్నాళ్ళయింది రాసి. మీకు వీలున్నప్పుడు చూడండి. పనికొస్తేనే వెయ్యండి. మనలో మనకి మొహమాటాలేం వద్దు."

నేను ఎటో చూస్తూ "చూద్దాం మాస్టారూ" అన్నాను. ఆయన వీధి మలుపు తిరగ్గానే కథ పెట్టెలో పడింది. రిటైరయిన మాస్టారి కథలో ఏముంటుంది? నీతి ఉంటుంది. ఇదీ నా విమర్శనా పటిమ. అలా రెండేళ్ళు గడిచాయి. దిద్దిన ప్రూఫులతోపాటు ఆయన ఒక కార్డు పెట్టేవారు. ఆ చివర ఎప్పుడూ ఒక వాక్యం ఉండేది: "నా కథ సంగతి తొందరేం లేదండి." పరిశీలనలో ఉంది మాస్టారూ అని నేను జవాబు రాసేవాణ్ణి. అది అబద్ధమేమీ కాదు, పెట్టె మీద అలాగే రాసి ఉంది.

ఇలా ఉండగా రామచంద్రపురం నుంచి మా ఆఫీసుకి పని మీద వచ్చినాయన ఒకరు చల్లగా చెప్పారు. "మాస్టారికి అస్సలు బాలేదండి. కాకినాడ తీసుకెళ్ళేరు. లాభం లేదన్నారంటండి డాక్టర్లు."

నిజంగానే బాధపడ్డాను. ముందున్న టీ చల్లారేదాకా బాధపడ్డాను. ఆ తర్వాత నాలోని సంపాదకుడు లేచి కూర్చున్నాడు. మాలాంటి చిన్న పత్రికలవాళ్ళకి స్మృతి సంచిక అంటే పండగ లాంటిది. మామూలుగా ఏడాదికి ఒక్క వ్యాసం రాల్చనివాళ్ళు కూడా పోయినవాళ్ళ మీదైతే పదిరోజుల్లో రాసిస్తారు. పైగా తణుకులో ఇంకో పత్రికాయన ఉన్నాడు. ఎవరు పోయినా నాకంటే ముందే సంచిక తెచ్చేస్తాడు. ఈసారి ఆయనకి ఆ అవకాశం ఇవ్వదల్చుకోలేదు.

"మనిషి ఇంకా ఉన్నారు కదండీ?" అంది మా ఆవిడ.

"డాక్టర్లే చెప్పేశారుటే" అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇప్పటికీ అన్నం తింటున్నాను.

ఎనిమిదిమందికి ఉత్తరాలు రాశాను. ఎనిమిదిమందీ రాశారు. ఒక్కడైనా "ఇంకా ఉన్నారు కదా" అనలేదు. అందరూ "ఉండేవారు", "అనేవారు", "నవ్వేవారు" అనే రాసి పంపారు. కాకినాడ వెళ్ళి ఒకసారి చూసి రావాలని నాకు రోజూ అనిపించేది. సంచిక పనిలో పడి తీరిక దొరకలేదు. సంపాదకీయం మాత్రం ఒక్క ఊపులో రాసేశాను. "మాస్టారి చివరి కథ ఈ సంచికలో ప్రచురించే భాగ్యం మాకు దక్కింది. ఆ కథ ముగింపు చదివి కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను" అని రాశాను. రాసి, పెట్టెలో అడుగునున్న కథని వెతికి తీసి, దుమ్ము దులిపి, విప్పకుండానే కవర్లో పెట్టి డీటీపీకి పంపించాను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "మాస్టారికి నయమయిందటండి! ఇంటికొచ్చి వారమయిందట. పక్కింటికి ఫోను చేసి మనందర్నీ అడిగేరు."

నా నోట్లోంచి మొట్టమొదట వచ్చిన మాట "అయ్యో". మా ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను.

పరిగెత్తుకుంటూ వీధి చివర టెలిఫోన్ బూత్‌కి వెళ్ళి డీటీపీ సెంటరుకి ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, ఆ మాస్టారి సంచిక ఆపెయ్యి. ప్రూఫులు కూడా తియ్యద్దు."

"తీసేశానండి. మూడ్రోజులయింది, పోస్టులో కూడా వేసేశాను."

"ఎవరికి?"

"మాస్టారికేనండి. ప్రూఫులెప్పుడూ ఆయనకే కదండి?"

"ఆ సంచిక ఎవరి మీదో చూడలేదామ్మా నువ్వు?"

"నేను టైపు చేస్తానండి. చదవనండి" అంది.

ఆ పిల్లని తిట్టడానికి నోరు తెరిచి, నాకున్న అర్హతేమిటో గుర్తొచ్చి మూసుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి రామచంద్రపురం బస్సెక్కాను. మండపేట దాటేదాకా ఏం చెప్పాలో వరసగా అనుకుంటూ పోయాను. ప్రెస్సువాళ్ళ పొరపాటు అందామా? తణుకాయన మీద తోసేద్దామా? ఊళ్ళో దిగేసరికి అవన్నీ ఎగిరిపోయాయి.

మాస్టారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. సగానికి సగం అయిపోయారు మనిషి. ఒళ్ళో అట్ట, అట్ట మీద ప్రూఫులు, చేతిలో ఎర్రపెన్ను.

"రండి సంపాదకులుగారూ, రండి. ఇరవై పేజీలయ్యేయండి. ఇంకా మూడు వ్యాసాలున్నాయి. కొంచెం నీరసంగా ఉంది, లేకపోతే ఈపాటికి అయిపోవలసింది."

నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాను. "మాస్టారూ, బుద్ధి గడ్డి తిందండి" అన్నాను.

"ఊరుకోండి, దానికేంటండీ. బాగానే రాసేరు అందరూను. ఇదిగో, ఈయన నా దగ్గర పదో క్లాసు చదివేనని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఈయన నా క్లాసులో ఎప్పుడూ లేడండి. పోన్లే, సరదా పడ్డాడని ఉంచేసేను."

లోపల్నుంచి వాళ్ళావిడ కాఫీ పట్టుకొచ్చారు. కోప్పడతారనుకున్నాను. కోపం లేకపోలేదు, గ్లాసు పెట్టిన చప్పుడులో తెలిసింది. "రాత్రి అన్నీ చదివి వినిపించేరు బాబూ నాకు. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన ఇంత మంచాయనని నాకు తెలీదు సుమండీ" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను చేతులు చాపాను. "ఆ కాగితాలు ఇచ్చెయ్యండి మాస్టారూ, చింపేస్తాను."

"అయ్యయ్యో, చింపుతారేంటండీ! దాచండి. మళ్ళీ ఇంతమంది చేత రాయించడం మీ వల్ల కాదు. పైగా తప్పులన్నీ దిద్దేసేను కదా, అప్పుడు దిద్దడానికి నేనుండను." పెద్దగా నవ్వబోయి దగ్గొచ్చి ఆగిపోయారు.

దగ్గు తగ్గాక నా సంపాదకీయం ఉన్న కాగితం పైకి తీశారు. దాని మీద ఒక్క ఎర్రగీత కూడా లేదు.

"అయితే కథ చదివేరన్నమాట" అన్నారు.

"చదివేనండి."

"ముగింపు అంత బాగుందంటారా? నాకు దాని మీదే అనుమానమండి, మొదట్నుంచీని."

"ముగింపే ప్రాణమండి దానికి" అన్నాను. నోరు అలవాటు పడిపోయింది, నన్నడక్కుండానే అనేస్తుంది.

ఆయన కట్టలోంచి కథ ప్రూఫు తీసి ఆఖరి పేజీ నాకు చూపించారు. వాక్యం సగంలో ఆగిపోయి ఉంది. దాని కింద అంతా తెల్లకాగితం.

"ఆవేళ మీ ఇంటికొచ్చే హడావిడిలో ఆఖరి కాగితం ఇక్కడే మర్చిపోయేనండి. మర్నాడు పుస్తకాల సందులో కనబడింది. పోస్టులో వేద్దామని కవరు మీద మీ అడ్రసు కూడా రాసేను. మళ్ళీ ఏమనిపించిందంటే, చదివితే ఆయనే అడుగుతారు కదా, మిగతాదేదండీ మాస్టారూ అని. అడిగినప్పుడు పంపుదాంలే అని ఆగేను."

రెండేళ్ళు ఆగారాయన. తొందర లేదని రాసిన ప్రతి కార్డూ, నేను కథ విప్పి చూడలేదని తెలిసి రాసిందే. ఏళ్ళ తరబడి హోంవర్కు చెయ్యనివాళ్ళని మొహం చూసి పట్టుకున్న మనిషి నన్ను కనిపెట్టలేరా? తెలిసి కూడా నా పత్రికలో తప్పులు దిద్దుతూనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నన్ను నాలుగు తిట్టి పొమ్మని ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

"ఆ కాగితం ఉందాండి?" అన్నాను చివరికి.

ఆయన మొహం ఒక్కసారి వెలిగిపోయింది. రెండేళ్ళ ఆలస్యంగానైనా నేను అడిగాను, అదీ ఆ వెలుగు. "ఉందండి, ఉందండి" అంటూ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి తెచ్చారు.

అక్కడే అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. ఆయన మిగతా ప్రూఫులు దిద్దుతున్నట్టు పెన్ను పట్టుకున్నారు గానీ పేజీ తిప్పలేదు, నా మొహమే చూస్తున్నారు. చేపలమ్మే ఒకావిడ కథ అది. వీధిలో ఒక ముసలావిడ రోజూ అరగంట గీసిగీసి బేరమాడి గానీ కొనదు. రోజూ ఇద్దరికీ తగువే. ఒకనాడు ముసలావిడ పోతుంది. ఆఖరి కాగితంలో, చేపలావిడ అలవాటు కొద్దీ ఆ గుమ్మం ముందు తట్ట దించుతుంది. మూసిన తలుపుకి రేటు చెబుతుంది. కాసేపు ఆగి, తనే తగ్గిస్తుంది. ఇంకోసారి ఆగి, మళ్ళీ తగ్గిస్తుంది.

చదవడానికి పట్టింది పావుగంట. కళ్ళు చెమర్చాయని రాస్తే మీరు నమ్మరు. ఆ మాట ముందే వాడేసుకున్నాను.

"చెప్పండి" అన్నారు మాస్టారు. కుర్చీలో ముందుకు జరిగారు.

"తగ్గించడం దగ్గర ఆపెయ్యొచ్చేమోనండి. ఆ కింద నాలుగు లైన్లలో మీరు దానికి అర్థం చెప్పేరు. అవి అక్కర్లేదనిపించింది."

"అదేనండీ! సరిగ్గా అదేనండీ నా అనుమానం!" అని ఆ కాగితం నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, ఆ నాలుగు లైన్లూ ఎర్రపెన్నుతో కొట్టేశారు. కొట్టేసి తృప్తిగా చూసుకుని నాకిచ్చారు.

"ఈ సంచికలో ఈ కథే ముందు వేస్తానండి. వ్యాసాలూ అవీ ఏం లేవు. మామూలు సంచిక" అన్నాను.

"ఎప్పుడొస్తుందండి?"

"వచ్చే నెలండి. ఒట్టు."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు.

"ఉంటాలెండి" అన్నారు.