మాకు నీళ్ళు పోసిన దొరసానిగారు

మా దొరసానిగారు పోయారు. పొద్దున్న పాసింజరు దిగిన మనిషి ఒకడు తాడేపల్లిగూడెంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఏలూరు నుంచి వచ్చానండీ. అమ్మగారు తెల్లారగట్ల నిద్రలోనే వెళ్ళిపోయారండీ" అన్నాడు. అప్పటికి నేను మా మూడు నెలల పాపకి ఒళ్ళంతా నూనె పట్టించి, నీళ్ళు పోయడానికి పీట వాల్చుకుంటున్నాను. ఆ నూనె చేతులతోనే అతని మీదికి వెళ్ళాను. "అబద్ధాలాడకు! మొన్న వారమేగా నన్ను బండెక్కించారు!" అని అరిచాను. పాపం, అతనేం చేస్తాడు? తల వంచుకుని నిలబడ్డాడు. పాపకి నీళ్ళు పోయకుండానే పాత చీరలో చుట్టి, దొరికిన బండి ఎక్కాను.

ఆవిడ ఎవరో తెలియనివారికి ఒక ముక్క చెబుతాను. సముద్రాల అవతలి చలి దేశం నుంచి వచ్చి, ఏలూరులో కాలువ పక్క పెంకుటింట్లో తల్లీ తండ్రీ లేని పిల్లల్ని పెంచిన మిషనరీ ఆవిడ. నేనూ అక్కడ పెరిగినదాన్నే. నాకు పుట్టిల్లంటే ఆ ఇల్లే. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్తగారికి స్వయంగా ఉత్తరం రాశారు: "తొలి పురుడు పుట్టింట్లో జరగడం మీ ఆచారం కదండీ. మా అమ్మాయిని పంపించండి." మా అత్తగారు ఆ ఉత్తరం వీధిలో అందరికీ చదివించుకుంది.

బండి భీమడోలు దాటేసరికి పాప నిద్రపోయింది. కిటికీలోంచి వరిచేలు, చేలల్లో నీళ్ళు, నీళ్ళల్లో మబ్బులు. ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తెలియకుండా జ్ఞాపకాలన్నీ ఒకదాని మీద ఒకటి తేలుతూ వచ్చాయి. అందులో ఒక్కటే మీకు చెప్పాలని ఉంది.

దొరసానిగారికి తెలుగు నేర్పిన మునిషీగారు గొప్ప మర్యాదస్థుడు. పెద్దవాళ్ళను "మీరు" అనాలని చెప్పారు కానీ, చిన్నవాళ్ళను ఏమనాలో చెప్పడం మరిచారు కాబోలు. ఆవిడ ఉయ్యాలలో పిల్లల్ని కూడా "ఏవండీ పాపగారూ, మీరెందుకు ఏడుస్తున్నారు?" అని అడిగేవారు. అడిగేవారే గాని ఎత్తుకునేవారు కాదు. అది ఆవిడ నర్సు చదువు. నాలుగు గంటలకొకసారి పాలసీసా. మధ్యలో ఎంత ఏడ్చినా ముట్టుకోకూడదు. "ఎత్తుకుంటే బిడ్డ చెడిపోతుంది" అనేవారు. స్నానం రేకు తొట్టిలో, గోరువెచ్చని నీళ్ళతో, రెండు నిమిషాలు. పిల్లల పనులు చూసే మా ఆయమ్మకి ఇది కంటగింపు. "కూరగాయలు కడిగినట్టు కడుగుతారే ఈవిడ! ఒళ్ళో వెయ్యని బిడ్డ ఒంటికి ఏం పడుతుందే!" అని వంటింట్లో నా దగ్గర గొణిగేది. దొరసానిగారి ముందు మాత్రం నోరు కుట్టేసినట్టే ఉండేది. ముండమోసిన మనిషి, ఆ నీడ పోతే ఇంకో నీడ లేదు.

నాకు పద్నాలుగేళ్ళున్న ఎండాకాలంలో ఇద్దరు పసివాళ్ళు పోయారు. గది శుభ్రం, సీసాలు శుభ్రం, గడియారం ఒక్క నిమిషం తప్పలేదు. అయినా పోయారు. తొలకరిలో కొల్లేటి లంక నుంచి ఒక ముసలమ్మ పది రోజుల పిల్లను చేపల బుట్టలో మెత్తగా గుడ్డలు వేసి తెచ్చింది. కూతురు కానుపులో పోయిందట. "దీన్ని బతికించండమ్మా. నడక వచ్చాక వచ్చి తీసుకెళ్తాను. మా ఇంటికి మిగిలింది ఇదొక్కతే" అని దొరసానిగారి బూట్లు పట్టుకుంది. "తప్పక బతికిస్తానండీ" అన్నారావిడ.

ఆ పిల్ల సీసా పట్టలేదు. మూడో రోజుకి ఏడుపు కూడా సన్నబడి పిల్లికూతలా అయింది. నాలుగో రోజు మధ్యాహ్నం దొరసానిగారు కునుకు తీస్తున్నారు. ఆయమ్మ ఒక్కసారి లేచి, "పోతే పోతుంది నా కొలువు" అని పిల్లను ఎత్తుకుంది. దొడ్లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టి ఆముదం రాసింది. నేను చెంబుతో వేణ్ణీళ్ళు పోశాను. సాంబ్రాణి పొగ వేసి, చీరముక్కలో బిగించి చుట్టి, ఆయమ్మ దాన్ని కడుపుకి అదుముకుంది. పిల్ల ఓ జాము నిద్రపోయింది. లేచి ఉగ్గుగిన్నెలో పాలు చుక్క మిగల్చకుండా తాగేసింది. ఆ ఆనందంలో నేను తలెత్తేసరికి దొరసానిగారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో!

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. తిడితే బాగుండేది. ఆయమ్మ ఆ సాయంత్రమే రెండు చీరలూ మూట కట్టుకుంది. నేను భోరున ఏడ్చాను.

తెల్లవారి దొరసానిగారు దొడ్లోకి వచ్చారు. బూట్లు లేవు, మేజోళ్ళు లేవు. గౌను అంచు పట్టుకుని నిలబడి, "నాకు కూర్చోవడం నేర్పించండి" అన్నారు ఆయమ్మతో. ఆయమ్మకి అర్థం కాలేదు. "నేను అన్నీ సరిగ్గా చేశాననుకున్నానండీ. ఇద్దరు పిల్లలు పోయారు. ఈ పిల్ల కూడా నా చేతిలో పోయేది" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

యాభై ఏళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగాక నేల మీద కూర్చున్నది లేదు. గౌను మోకాళ్ళ దాకా దోపుకున్నారు. దొరసానులకు మోకాళ్ళుంటాయని నాకు అప్పుడే తెలిసింది! కాళ్ళు చాపితే వెనక్కి పడ్డారు, గోడకి ఆనిస్తే పక్కకి ఒరిగారు. పసిదాన్ని ఇవ్వడానికి భయపడి ఆయమ్మ ముందు వంటింట్లోంచి సొరకాయ తెచ్చి కాళ్ళ మీద పెట్టింది. అది కాస్తా జర్రున జారి బురదలో పడింది. ఆవిడ పకపకా నవ్వారు, మేమూ నవ్వాం. అప్పుడు ఆయమ్మ వంగి, ఆ తెల్లటి పాదాలు రెండూ చేత్తో పట్టుకుని దగ్గరికి జరిపింది. "బొటనవేళ్ళు రెండూ కలపాలండీ. ఎడం ఉంటే పిల్ల జారిపోద్ది. దగ్గరికండీ అమ్మగారూ, ఇంకాస్త దగ్గరికి."

అది మొదలు ఆ ఇంట్లో రేకు తొట్టి బట్టలు నానబెట్టుకోవడానికి పనికొచ్చింది. రోజూ పొద్దున్నే నీళ్ళ ఆవిరి, సాంబ్రాణి పొగ, ఆ పొగలో ఎర్రగా ఉడికిన రెండు కాళ్ళు, "ఏవండీ పాపగారూ, కళ్ళు మూసుకోండి" అనే గొంతు. మా ఇంటి పొద్దులన్నీ నాకు అలాగే జ్ఞాపకం, పొగలోంచే. "బిడ్డకు గడియారం తెలియదు, చేతులు తెలుస్తాయి" అని తర్వాత ఆవిడే అందరికీ చెప్పేవారు, తానే కనిపెట్టినట్టు. ఆయమ్మ నా వైపు చూసి మూతి తిప్పేది.

మరుసటి ఏడు చలికాలంలో ముసలమ్మ అన్న మాట ప్రకారం వచ్చింది. మేం కొల్లేటి గట్టు దాకా దిగబెట్టాం. మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు. ఎక్కడో పక్షుల అరుపులు. ముసలమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని దోనె ఎక్కింది. దోనె కాస్త దూరం వెళ్ళి మంచులో కలిసిపోయింది. దొరసానిగారు గట్టు మీద కూలబడి, కాళ్ళు చాపుకుని అలాగే చూస్తూ కూర్చున్నారు. "ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కదండీ, ఇంకా ఎందుకండీ ఏడుపు?" అన్నాను, నా నోరు ఊరుకోదు కనుక. "సంతోషమేనండీ" అన్నారు నాతో. "కాళ్ళే, తేలికగా ఉన్నాయి."

ఆ తర్వాత ఎందరో పసివాళ్ళు. చివరికి నా పాప కూడా. అప్పటికే అరవై దాటారు, లేవడానికి ఇద్దరం చేయందించాలి, అయినా పాపని ఇంకొకరి కాళ్ళ మీద వెయ్యనివ్వలేదు.

నేను వెళ్ళేసరికి శవపెట్టె ఇంకా రాలేదు. ముందు గదిలో మంచం మీద, తెల్ల దుప్పటి కింద ఉన్నారు. పిల్లలందరూ గోడవారగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయమ్మ ఏడవలేదు. పొద్దున్న ఆవిడ కాలి బొటనవేళ్ళు కలిపి కట్టిన గుడ్డపీలిక వదులైందని మళ్ళీ కడుతోంది. ముసలి చేతులు, ముడి పడటం లేదు. ఆ పాదాలు రెండూ పట్టుకుని జరుపుతూ, పక్కన ఎవరూ లేనట్టు, "దగ్గరికండీ అమ్మగారూ" అంది మెల్లిగా. "ఇంకాస్త దగ్గరికి."

నేను కాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అంతలో నా చేతుల్లో పాప మేలుకుంది. పొద్దున రాసిన నూనె ఇంకా ఒంటి మీదే ఉంది. కలిపి చాపి ఉన్న ఆ కాళ్ళకేసి కాసేపు చూసింది. నీళ్ళు పోస్తారనుకుందో ఏమో, రోజూ లాగే కళ్ళు గట్టిగా మూసుకుంది.