మిల్లు గేటు ముందు చెవులు కుట్టిన పొద్దు

పోయిన వారం తిరుప్పూరులో ఉన్న మా పెద్దమ్మాయిని చూసి తిరిగి వస్తుంటే, ఊరి బయట కంటైనర్ల డిపో దగ్గర దారి బిగుసుకుపోయి మా బస్సు చాలాసేపు కదలలేదు. కిటికీ పక్కనే లారీల వరుస. ఒక్కొక్క క్యాబిన్‌లో ఒక్కొక్క డ్రైవరు, తలుపు వేసుకుని, అద్దం ఎత్తుకుని, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. వంతు వచ్చినప్పుడు కబురు ఆ ఫోనులోకే వస్తుందని పక్క సీటాయన చెప్పాడు. మంచి ఏర్పాటే అనుకున్నాను. కానీ అంత పొడుగు వరుసలో ఒకడితో ఒకడు మాట్లాడుతున్నవాళ్ళు ఒక్కరూ కనిపించకపోయేసరికి, జీవితమంతా స్టీరింగు పట్టిన నాకు ఏదో వెలితిగా తోచింది.

మాది కోయంబత్తూరు దగ్గర సూలూరు పక్క. తాతముత్తాతల నాటినుంచి ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను లారీ నడిపిన కాలంలో ఆదోని నుంచి పత్తి బేళ్ళు ఎత్తుకొచ్చి ఇక్కడి నూలు మిల్లులకు దించేవాళ్ళం. నా ఈడు డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు, దారిలో గడిపిన పొద్దుకంటే గేటు ముందు గడిపిన పొద్దే ఎక్కువ. బేలులోంచి కాస్త పత్తి లాగి లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేస్తారు, అది బాగుందని తేలాక గోడౌనులో చోటుండాలి, చోటుంటే దించే కూలీలు ఖాళీగా ఉండాలి, ఈ మూడూ కుదిరిన రోజు ఎక్కడినుంచో వాన వచ్చి పడుతుంది. యజమాని దించమన్నా గేటు గుమాస్తా దించనివ్వడు, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు. అలా కాపు కాసిన రోజులకు మాకు పైసా ఇచ్చేవాళ్ళు లేరు, ట్రిప్పుకు మాట్లాడుకున్నదే బాడుగ. కోపం పట్టలేక గుమాస్తాతో నోరు చేసుకున్నవాడి బండి వరుసలో తోకకు పోయేది కాబట్టి, ఊరుకున్నంత ఉత్తమం లేదని అందరం తొందరగానే నేర్చుకున్నాం.

ఊరుకోవడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. రెండు లారీల మధ్య టార్పాలిన్ కట్టి నీడ చేసుకునేవాళ్ళం. ఒకరి స్టవ్వు, ఒకరి బియ్యం, ఆదోని వాళ్ళు తెచ్చే శెనక్కాయల పొడి, మదురై పక్కనుంచి వచ్చే మరో తెలుగింటి డ్రైవరు పెట్టే పుల్లటి చారు, అన్నీ కలిస్తే పెళ్ళి భోజనమే. స్ప్రింగు కట్టలకు గ్రీసు పెట్టుకోవడం, చినిగిన టార్పాలిన్ పట్టాలు కుట్టుకోవడం, బట్టలు ఉతికి బేళ్ళు కట్టిన తాళ్ళమీదే ఆరేసుకోవడం, పని తీరాక నేలమీద సుద్దతో గీసుకుని పులిజూదం ఆడడం. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా అక్కడే. మా బడిలో తమిళమే కదా, ఇంటి మాటను రాయడం ఎలాగో నాకెవరూ చెప్పలేదు. ఆదోని డ్రైవరొకాయన, నాకంటే పెద్దవాడు, అదే సుద్దముక్కతో లారీ టైరు మీద అఆలు రాసి దిద్దించాడు. నా మాటలు విని నవ్వేవాడు, మీ తెలుగు మా అవ్వల నాటిదప్పా అని. నవ్వినా ప్రేమగానే నవ్వేవాడు.

గేటుకొక నియమం ఉండేది. బండి నంబరు పిలిచినప్పుడు కాగితంలో పేరున్న డ్రైవరే వచ్చి బండి లోపలికి తోలాలి. మనిషి లేకపోతే ఆ వంతు వెనకవాడిది, లేనివాడు మళ్ళీ తోకనుంచి మొదలుపెట్టాలి. ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలుసు కనుక ఎవరూ వరుస విడిచి దూరం పోయేవాళ్ళు కాదు. మనకు తప్పిన వంతును వెనకవాడు అందుకుంటే దాన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్ళూ కాదు, అందరి ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలి కదా.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టించాలనుకున్నారు. మాలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కానీ చెవులు కుట్టరు. మా చెల్లెలికి నేనొక్కడినే అన్నను, మా నాన్న అప్పటికే లేడు. దాన్ని ఇచ్చింది పోదనూరు రైల్వే కాలనీలో. ముహూర్తం అప్పటికే రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ నేను దారిలోనే ఉన్నాను. వాళ్ళ అత్తగారు నోరున్న మనిషి. నలుగురు ఆడవాళ్ళ ముందు, "ఏమ్మా, నీ బిడ్డకి మామ ఉండాడా, లారీ మట్టుమే ఉండాదా?" అని, ఉన్నది లారీ ఒక్కటేనా అన్నట్టు, అడిగిందట. చెల్లెలు నాతో ఆ మాట చెప్పలేదు, మా అమ్మ చెబితే తెలిసింది.  ఈసారి తప్పితే మా చెల్లెలు ఆ ఇంట్లో తలెత్తుకోలేదని నాకు బాగా తెలుసు.

మూడోసారి ముహూర్తం పెట్టినప్పుడు నేను పోదనూరుకు రెండు బస్సుల దూరంలోనే ఉన్నాను, కానీ మిల్లు గేటు ముందున్నాను. వరుసలో నా బండి మొదటిది, నా వెనక ఆ ఆదోని ఆయనది. ముందు రోజు సాయంత్రం దాకా గేటు తెరవలేదు. పొద్దున్న పిలవవచ్చు అన్నాడు గుమాస్తా. వెళితే వంతు పోతుంది, బండి ఓనరు మరో ట్రిప్పు ఇవ్వడు. వెళ్ళకపోతే చెల్లెలి మర్యాద పోతుంది. టీ కొట్టులోని ఫోను నుంచి వాళ్ళ ఇంటి పక్క కిరాణా కొట్టుకు చేసి దాన్ని పిలిపించి, సంగతి చెప్పాను.  అది, "నువ్వు కదలొద్దన్నా. మామ ఒడే కదా కావాల, ఇల్లా కావాల? సీక్రమే బయలుదేరి మేమే ఆడికి వస్తాము" అని ఫోను పెట్టేసింది.

తెల్లవారి మొదటి బస్సుల్లోనే వచ్చారు, చెల్లెలు, బావ, బిడ్డ, కంసాలి, ఇత్తడి గిన్నెలో చక్కెర పొంగలి పట్టుకుని అత్తగారు. మా టార్పాలిన్ కిందే మావాళ్ళు నీళ్ళు చల్లి, ఉతికిన దుప్పటి పరిచారు. మదురై డ్రైవరు ఎక్కడినుంచో అరటి కొమ్మలు తెచ్చి లారీ బంపరుకు కట్టాడు. ముహూర్తం దగ్గరపడింది. పట్టుపావడ కట్టిన బిడ్డను ఒడిలోకి తీసుకుని, దాని తల నా గుండెకు ఆనించి పట్టుకున్నాను. కంసాలి ఒక చెవి కుట్టాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. రెండో చెవికి సూది ఎత్తేసరికి గేటు తెరుచుకుని, వాచ్‌మాన్ నా నంబరు అరిచాడు.

ఒక చెవి కుట్టి ఇంకొకటి విడిచి లేవకూడదు. లేవకపోతే వంతు పోతుంది. కంసాలి సూది పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. వాచ్‌మాన్ ఇంకోసారి అరిచి, నేను లేవకపోవడం చూసి, వెనక బండివైపు తిరిగి "వండి ఎడుప్పా!" అని, బండి తియ్యమని ఆదోని ఆయనకు చెయ్యి ఊపాడు. ఆయన క్యాబిన్ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కానియ్‌ప్పా, నీ పని కానియ్. ఇన్ని దినాలు మనం గేటు కోసం కాసుకోనుంటిమి, ఈ పూట గేటే మన కోసం కాసుకోనీ" అన్నాడు. ఆ వెనకవాడినీ పిలిచారు, వాడూ కదలలేదు. వరుసంతా ఒక్క ఇంజను మోగలేదు. గుమాస్తా బయటికి వచ్చి తిట్టాడు, అత్తగారు పోయి అతని చేతిలో ఇంత పొంగలి పెట్టి, తిని మాట్లాడమంది. రెండో చెవి కుట్టడం అయ్యాకే నేను లేచి బండి లోపలికి తోలాను. ఆ తర్వాత అత్తగారి నోట ఆ లారీ ఎత్తిపొడుపు ఎప్పుడూ రాలేదు.

ఉక్రోషంతో గుమాస్తా నా బండి వెనకే గేటు మూయించేశాడని, ఆదోని ఆయన మరునాటికి కానీ దించలేకపోయాడని, ఆయన కోసం కోయంబత్తూరులో ఉన్న తిరుగు లోడు ఇంకొకరికి వెళ్ళిపోయిందని నాకు చాలాకాలం తర్వాత మదురై డ్రైవరు చెప్పాడు. ఆయన మాత్రం ఆ మాట నాతో ఏనాడూ ఎత్తలేదు.

కాపు కాసిన గంటలకు బాడుగ ఇవ్వాలని ఇప్పటి డ్రైవర్లు అడుగుతున్నారు. న్యాయం, ఇవ్వాల్సిందే, మాకు అడిగే ధైర్యం లేకపోయింది. కానీ ఇప్పుడు ముందు బండిలో ఎవరున్నారో, వాడి ఇంట్లో ఆ పొద్దు ఏం జరుగుతోందో వెనకవాడికి తెలిసే దారి లేదు. ఒకడు పలకకపోతే వంతు చప్పుడు లేకుండా ఇంకొకడికి పోతుంది. ఎవరిది పోయిందో, ఎవరికి వచ్చిందో ఇద్దరికీ తెలియదు. మా మేనకోడలు ఇప్పుడు తన కూతురికి చెవులు కుట్టించిన తల్లి. దాని చెవి కమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆదోని ఆయనే గుర్తొస్తాడు. అన్నేళ్ళు బండి నడిపినా, ఇంకొకరి కోసం అలా ఇంజను ఆపుకుని నిలబడే వంతు నాకు రాలేదు. వచ్చి ఉంటే నిలబడేవాడిననే అనుకుంటాను.